అమ్మకి ప్రాగే కావాలి

అమ్మ పాస్‌పోర్టు తీసుకున్న సంగతి అది నా కళ్లబడేదాకా నాకు తెలియదు. ఒక ఆదివారం కోలారు నుంచి కె.జి.ఎఫ్.కి వెళ్లి, అమ్మ చేసిన రాగి ముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచిన బస్సారు తిని చేయి కడుక్కుని వచ్చేసరికి చాప మీద నీలం అట్ట పుస్తకం ఉంది. పక్కన రూళ్ల కాగితం. ముప్పై ఏళ్లు పిల్లల చేత దిద్దించిన గుండ్రటి అక్షరాల్లో దాని మీద రెండు పేర్లు: ప్రాగ్, బుడాపెస్ట్.

"రెండిట్లో ఏది మేలో చూసి చెప్పు పాపా," అంది. "పది దినాలు పోయొస్తా. ఒక్కదాన్నే. వీపుకి ఒక సంచి, హాస్టల్లో ఒక మంచం, అంతే. టూరు బస్సులు నాకొద్దు. వాళ్లు ఈలేస్తే దిగాల, ఈలేస్తే ఎక్కాల. ఇంగ నేను చూసేది ఏముండాది?"

అమ్మకి అరవై ఎనిమిది. ప్రైమరీ స్కూలు టీచరుగా రిటైరైంది. మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు టక్కుమంటుంది. ఒంటరిగా ఆమె చేసిన అతి పెద్ద ప్రయాణం బంగారుపేటలో రైలెక్కి చెన్నైలో దిగడం. అక్కడ కూడా చిన్నాన్న ప్లాట్‌ఫారం మీదికి వచ్చి చేయి పట్టుకుని దింపుకున్నాడు. నాన్న పోయి ఎనిమిదేళ్లయింది. నేను ఒక్కతే కూతుర్ని. కోలారు అంచున తమకలో కాపురం, కోలారు హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం, ముక్కు మీద కోపం, ఆ కోపం కింద ఎప్పుడూ ఒక పెద్ద భయం. ఇదీ నా సంగతి.

"నీకేమైనా మతి పోయిందా అమ్మా?" అన్నాను.

"మతి ఉండాది కాబట్టే నిన్ను అడిగినాను. నువ్వు లెక్కల టీచరు గదా. లెక్కేసి చెప్పు."

ఫోనులో చూసిందట. కాలేజీ పిల్లలు వీపుకి సంచి తగిలించుకుని దేశాలు తిరిగి, తక్కువ ఖర్చులో ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో చెప్పే వీడియోలు. యూరప్‌లో చవగ్గా తిరిగే ఊళ్లంటే ఈ రెండింటి పేర్లే పదే పదే వస్తాయట. రెండు చోట్లకీ వెళ్లి రావచ్చు, మధ్యలో ఒక పగటి రైలు ప్రయాణమే అని వాళ్లు చెప్పారు కానీ అమ్మకి అంత ఓపిక లేదు, నాకు అంత గుండె లేదు. వెళ్తే గిళ్తే ఒక ఊరు, ఒక హాస్టలు, ఒక మంచం. ఆమె ఏ నిమిషాన ఎక్కడుందో నాకు తెలియాలి.

పోల్చి చెబుతానని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. నా ఉద్దేశం వేరే. రెండు ఊళ్లలోనూ తప్పులు వెదికి, పట్టిక గీసి, రెండూ పనికిరావని ఆమెకే నిరూపించి పెట్టాలని.

నా భయం గురించి ఇక్కడ కొంత చెప్పాలి. లేకపోతే నన్ను ఉత్త పిరికిదాన్ని అనుకుంటారు. నాన్న బంగారు గనిలో షిఫ్టు మేస్త్రీ. మేముండేది కంపెనీ వరసగా కట్టించిన లైను ఇంట్లో, ఒక గది, ఒక వంటిల్లు. భూమి లోపల ఎక్కడో రాయి పగిలితే పైన ఇళ్లు కదిలేవి. దాన్ని మా ఊళ్లో ఏర్ బ్లాస్ట్ అనేవాళ్లం. అరలో గిన్నెలు గలగలలాడేవి. అమ్మ ఇత్తడి బిందె మీద స్టీలు గ్లాసు ఒకటి కావాలనే వదులుగా బోర్లించి పెట్టేది, నిద్రలో ఉన్నా చిన్న కదలిక వినబడాలని. మా లైనులో అందరి ఇళ్లలోనూ అలాంటి గ్లాసు ఒకటి ఉండేది. గ్లాసు మోగగానే ఆడవాళ్లంతా చెప్పులు కూడా వేసుకోకుండా గని షాఫ్ట్ నోటి దగ్గరున్న టైమ్ ఆఫీసుకి పరుగెత్తేవాళ్లు.

అక్కడ ఒక చెక్క పలక, దాని నిండా మేకులు. గనిలోకి దిగే మనిషి తన ఇత్తడి టోకెన్ ఇచ్చి దిగాలి. దాన్ని మేకుకి తగిలిస్తారు. పైకి వచ్చాక అడిగి తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక మేకుకి టోకెన్ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆడవాళ్లు అక్కడ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కాదు. మెడలు చాచి పలక వైపు చూసేవాళ్లు. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ మేకుల్నే చూస్తూ పెరిగాను. నాన్న ఎప్పుడూ పైకి వచ్చాడు. అయినా ఆ చూడటం నా ఒంట్లోంచి పోలేదు. మొదటి ఉద్యోగం టేకల్ స్కూల్లో. పక్కనున్న రాళ్ల క్వారీలో మందు పేలిస్తే కిటికీలు అదిరేవి, నేను సుద్దముక్క పారేసి వరండాలోకి పరుగెత్తేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు.

నాన్న ఇంట్లో గని మాట ఎత్తేవాడు కాదు. షిఫ్టుకి వెళ్లే ముందు జేబులు ఖాళీ చేసి బీడీలు, అగ్గిపెట్టె, చిల్లర అన్నీ కిటికీ గూట్లో పెట్టేవాడు. వచ్చాక మళ్లీ తీసుకునేవాడు. ఆయనతో అమ్మకి ఒకే ఒక్క తగాదా. నాన్న లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. గదిలో బల్బు వెలుగుతుంటే తప్ప పడుకునేవాడు కాదు. అమ్మ కంట్లో వెలుగు పడి నిద్ర పట్టక సణిగేది. ఆయన నిద్రపోయాక లేచి ఆర్పేది. ఆయన ఉలిక్కిపడి లేచి మళ్లీ వేసేవాడు. గని మూతపడ్డాక కూడా, పోయేదాకా, ఇదే వరస.

సరే, పట్టిక. స్కూల్లో మధ్యాహ్నం విరామంలో గళ్ల నోటుపుస్తకం తెరిచి మొదలుపెట్టాను. ఏ ఊరి గురించి వెదికినా నేను మొట్టమొదట చూసేది అక్కడ భూమి కదులుతుందా లేదా అని. మా ఊరి పిల్లలకి తప్ప ఈ పిచ్చి ఇంకెవరికీ ఉండదు. రెండూ గట్టి నేల మీదున్న ఊళ్లే. అక్కడ తప్పు దొరకలేదు. దొంగల గురించి చూశాను. రెండు చోట్లా జేబుదొంగలున్నారు, బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో ఉన్నంత మంది. హాస్టళ్లు చూశాను. రెండు చోట్లా ఒక గదిలో ఆరుగురో ఎనిమిది మందో, ఒకదాని మీద ఒకటి మంచాలు. అమ్మ పై మంచం ఎక్కుతున్నట్టు ఊహించుకుని ఆ పూట అన్నం సయించలేదు.

ఫోను చేసి చెప్పాను. "ఎనిమిది మందితో ఒక గదిలో పడుకోవాలమ్మా. ముక్కూ మొహం తెలియని వాళ్లు."

"లైను ఇంట్లో మీ నాయన చెల్లెళ్లు, వాళ్ల పిల్లోళ్లు వచ్చినప్పుడు పదకొండు మంది పండుకోలేదా? ఈళ్లయితే గురక పెట్టినా ఇంగ్లీషులో పెడతారు. కింద మంచం అడిగి బుక్ చేస్తే సరి."

రెండు ఊళ్లనీ కొట్టేయడం కుదరదని వారం రోజుల్లో అర్థమైంది. ఆమె దేనికీ బెదరడం లేదు. పైగా మా ఆయన ఆమె పక్షాన చేరాడు. "పోనీలే, అత్తకి ఆరోగ్యం ఉండాది, పెన్షన్ ఉండాది, మనకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. నీకేమి బాధ?" అంటాడు. ఆ మనిషికి బిందె మీద గ్లాసు చప్పుడు తెలియదు. కోలారులో పుట్టి పెరిగినవాడు.

దాంతో నేను ఎత్తు మార్చాను. పంపక తప్పకపోతే తక్కువ ప్రమాదమున్న ఊరికి పంపాలి. ఆ లెక్కన చూస్తే బుడాపెస్ట్ స్పష్టంగా నెగ్గింది. మంచం చవక, తిండి చవక. నదికి ఒక ఒడ్డున కొండలున్నా రెండో ఒడ్డు మా స్కూలు మైదానంలాగా చదును. మోకాలికి మేలు. నది వెంబడి పోయే ట్రామెక్కి కూర్చుంటే సగం ఊరు కూర్చున్న చోటి నుంచే చూడొచ్చు. అన్నింటికంటే ముఖ్యం వేడినీటి స్నానశాలలు. భూమిలోంచి ఊరే వెచ్చటి నీళ్లలో ముసలివాళ్లు మెడదాకా మునిగి పొద్దంతా కూర్చుంటారట. అమ్మ అలా ఒక్కచోట కదలకుండా కూర్చుని ఉంటుందని అనుకుంటేనే నాకు ప్రాణం కుదుటపడింది. ప్రాగ్‌లో ఏముంది? ఊరంతా గులకరాళ్లు పరిచినట్టున్న వీధులు, ఎక్కుడు, దిగుడు, కోట కొండ మీద. ఊరి నడిబొడ్డున మంచం ఖరీదు.

నిజం చెప్పాలంటే పట్టికలో కొంచెం మోసం చేశాను. బుడాపెస్ట్‌లో హాస్టళ్లున్న పేటలోనే తాగుడు దుకాణాలు ఎక్కువని, తెల్లవార్లూ గోల అని చదివాను. ఆ గడి ఖాళీగా వదిలేశాను. పిల్లల పేపర్లలో అర మార్కు కోసం కూడా కొట్లాడే నేను, మా అమ్మ కోసం ఆ పని చేశాను. బుడాపెస్ట్‌కి తొమ్మిది మార్కులు ఎక్కువొచ్చాయి.

పట్టిక ఫోటో తీసి పంపాను. అమ్మ అరగంటలో ఫోను చేసింది.

"బాగా చేసినావు పాపా. గీతలు నేరుగా ఉండాయి. నేను ప్రాగు పోతా."

"మార్కులు చూడలేదా? బుడాపెస్ట్‌కి ఎక్కువొచ్చాయి కదా!"

"చూసినా. అయినా ప్రాగే."

"ఎందుకు?"

"సుమ్నే."

కన్నడంలో ఆ మాటకి ఊరికే అని అర్థం. మా ఊళ్లో దేనికైనా జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క మాటతో తలుపు వేసేస్తారు. నాకు ఒళ్లు మండింది. అక్కడ శాకాహారం దొరకదన్నాను. "పిండి ఉడకేసి ముద్దలు చేస్తారంట గదా, ముద్ద ఉండే ఊళ్లో నాకేమి కొదవ?" అంది. మోకాలన్నాను. "కర్ర తీసుకపోతా." వేడినీళ్లన్నాను. "ఇంట్లో గీజర్ ఉండాది." మరి నన్నెందుకు అడిగావు, నాలుగు వారాల విరామాలు దీని మీదే పోయాయి అని అరిచాను. "నువ్వు ప్రాగే చెప్తావనుకున్నా," అని నెమ్మదిగా అని ఫోను పెట్టేసింది. ఆ నెమ్మది నాకు నచ్చలేదు.

తరువాతి శనివారం ఆమెకి చెప్పకుండా బయల్దేరాను. బంగారుపేట మీదుగా బస్సు. దారి పొడుగునా ఒకటే ఆలోచన, అమ్మ నా దగ్గర ఏం దాస్తోందని. ఏదైనా జబ్బా? ఫోనులో ఎవరైనా మోసగాడు దొరికి ప్రాగ్‌లో లాటరీ తగిలిందని చెప్పాడా? గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది నుంచి దుమ్ము లేచి బస్సు కిటికీల్లోంచి పడుతోంది. నేను నోరు మూసుకోవడం కూడా మరిచి ఏదేదో ఊహించుకుంటూ వెళ్లాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే అమ్మ బీరువాకీ గోడకీ మధ్యనున్న సందులో ఉంది. వీపు మీద కొత్త సంచి, నిండా కందిపప్పు ప్యాకెట్లు. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఒక్కొక్క అడుగూ జరుపుకుంటూ ఆ సందులోంచి ఇవతలికి రావడానికి అవస్థ పడుతోంది. సంచి ఇరుక్కుంది. నేను వెళ్లి లాగాను. ఇద్దరం కలిసి చాప మీద పడినంత పని అయింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

ఆమె రొప్పుతూ కూర్చుంది. సంచి భుజాల మీది నుంచి దించుకుంది. తరువాత ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. తెల్లటి పొడుగు కోట్లు, నెత్తిన టోపీలు, చేతుల్లో దీపాలతో కొందరు మనుషులు ఒక ఇరుకు సొరంగంలో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. ఒకామెకి అమ్మ వయసే ఉంటుంది.

"ప్రాగు నుంచి రైల్లో గంట. కుట్నా హోరా అని ఊరు. ఆడ పాతకాలం వెండి గని ఉండాది," అంది. "టికెట్ కొంటే ఎవర్నయినా దింపుతారంట. ఆడోళ్లని కూడా. ఒక చోట సందు శానా ఇరుకంట, పక్కకి తిరిగి పోవాల. పట్టేనో లేదో అని చూస్తా ఉండాను."

నేను ఆ బొమ్మని వేళ్లతో పెద్దది చేసి చూశాను.

"మన గనిలోకి ఆడదాన్ని దిగనీయలేదు గదా. ఒక్కసారి చూస్తానని మీ నాయన్ని అడిగినాను. రూల్ లేదన్నాడు. లోపల ఏముండాది చెప్పు అంటే, ఏముంటాది, చీకటి, ఉక్క అన్నాడు. అంతే. అంత కాలం కాపురం చేసినాను పాపా. ఆయప్ప పొద్దంతా యాడుంటాడో నాకు తెలీదు. గని మూసినాక నీళ్లు నిండిపోయినాయి. ఇంగ యాడ చూసేది? ఈ ఫోన్లో కనబడింది. మన బంగారం గని కాకపోతే పోనీ, గని గనే గదా."

కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు భయం రెండింతలైంది. ఇన్ని రోజులూ నేను జేబుదొంగల గురించీ పై మంచం గురించీ దిగులుపడ్డాను. మా అమ్మ భూమిలోకి దిగుతుందని ఏ గడిలోనూ రాసుకోలేదు. నాన్న దిగుతుంటే ఏమీ చేయలేక చూసిన దాన్ని, ఇప్పుడు నా చేతులతోనే అమ్మని దింపాలి.

"ఎంత లోతు?" అని మాత్రం అడిగాను.

"నూరడుగుల మీద కొంచెం. మీ నాయన విని ఉంటే నవ్వేవాడు. ఆయప్పకి అది నేలమాళిగ."

అంతటితో పోలిక ముగిసింది. నోటుపుస్తకంలో బుడాపెస్ట్ అలాగే తొమ్మిది మార్కుల ఆధిక్యంలో ఉండిపోయింది. హాస్టల్లో కింద మంచం నేనే బుక్ చేశాను. బెంగళూరు వీసా కేంద్రంలో కౌంటరు వెనకాల అమ్మాయి వయసు చూసి, హాస్టలు కాగితం చూసి, మళ్లీ వయసు చూసింది. అమ్మ తన కె.జి.ఎఫ్. ఇంగ్లీషులో ఆ అమ్మాయికి ఏదో చెప్పి నవ్వించింది. రెండున్నర వారాలకి వీసా వచ్చింది. రాదేమోనని నాకు మిగిలిన చిన్న ఆశ కూడా పోయింది. సంచిలో పప్పు తీసేసి రాగి పేలపిండి, చట్నీ పొడి, మోకాలి పట్టీ సర్దాను. ప్రతిరోజూ పొద్దున్న ఒకసారి, హాస్టలుకి తిరిగొచ్చాక ఒకసారి మెసేజ్ పెట్టాలని, గనిలోంచి పైకి రాగానే ఇంకొకటి పెట్టాలని ఒట్టు వేయించుకున్నాను.

సెప్టెంబరులో బయల్దేరింది. దేవనహళ్లి విమానాశ్రయం తలుపు దగ్గర, లోపలికి వెళ్లే ముందు, పర్సులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. నాన్న టోకెన్. గని మూసేసిన రోజు ఆయన తిరిగి ఇవ్వకుండా తెచ్చుకున్నది.

"ఇది నీ దగ్గర ఉండనీ. నేను వచ్చినాక అడిగి తీసుకుంటా," అంది. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. వీపు మీద సంచి తప్ప ఆమె నాకు కనబడలేదు.

తమకలో మా ఇంటి హాల్లో క్యాలెండరు మేకుకి దాన్ని తగిలించాను. దుబాయిలో విమానం మారానని మెసేజ్ వచ్చింది. ప్రాగ్ చేరానని వచ్చింది. కింద మంచం దొరికిందనీ, పై మంచంలో కొరియా పిల్ల ఉందనీ, ఆ పిల్లకి పేలపిండి కలిపి పెట్టానని వచ్చింది. వంతెన మీద ఫోటో, ట్రాములో ఫోటో. రెండు రోజుల్లో నాకు కొంచెం ఊపిరాడింది. మూడో రోజు గురువారం. పొద్దున, "ఈ రోజు పోతా ఉండాను," అని ఒక్క ముక్క.

గని యాత్ర వాళ్ల పదింటికి. మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. గంటన్నరలో పైకి తెస్తారు. అంటే మూడింటికి మెసేజ్ రావాలి. మూడింటికి తొమ్మిదో తరగతిలో సమీకరణాలు చెబుతున్నాను. స్కూల్లో ఫోను తీయకూడదని పిల్లలకి నేనే చెబుతాను. ఆ రోజు బల్ల మీదే పెట్టుకున్నాను. మూడుంబావు. మూడున్నర. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగింటికి బడి వదిలారు. నాలుగింటి నుంచి ఐదింటిదాకా ఏం చేశానో, ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఇల్లు చేరి చూస్తే టోకెన్ మేకుకి వేలాడుతోంది. చెప్పులు విప్పకుండానే వెళ్లి ఆ చిన్న ఇత్తడి బిళ్ల ముందు నిలబడ్డాను.

ఆ ఇరుకు సందు. వీపు మీద సంచి. పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకి జరిగే అమ్మ. నాకు వేరే బొమ్మ కనబడలేదు.

ఆరింటికి నేను హాస్టలుకి ఫోను చేశాను, పక్కన మా ఆయన తన ఫోనులో అమ్మ నంబరుకి చేస్తూనే ఉన్నాడు. ఒకమ్మాయి ఎత్తింది. అమ్మ తెల్లవారే వెళ్లిపోయింది, ఇంకా రాలేదంది. ఒక్క నిమిషం ఉండమని పైకి వెళ్లి వచ్చి, ఆమె మంచం పక్కనున్న లాకర్లో ఏదో మోగుతోంది, మీరే చేస్తున్నారా అని అడిగింది.

ఫోను లాకర్లో ఉంది. చేతిలో ఫోను లేకుండా వెళ్లింది. పాపిష్టిదానా, ఎందుకు పెట్టి వెళ్లావు అని అరుస్తూ సోఫాలో కూలబడ్డాను. మా ఆయన నీళ్లు తెచ్చిచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకున్నాక గుర్తొచ్చింది. కిటికీ గూట్లో బీడీలు, అగ్గిపెట్టె, చిల్లర. గనిలోకి దిగే మనిషి జేబులో ఏమీ ఉంచుకోకూడదు. దిగేటప్పుడు చూస్తారు, ఎక్కేటప్పుడూ తడిమి చూస్తారు. అది మా గని రూలు, మా నాన్న రూలు. ప్రపంచంలో ఎక్కడా ఏ టూరిస్టూ పాటించని ఆ రూలుని మా అమ్మ అంత దూరం మోసుకెళ్లి పాటించింది.

కారణం తెలిశాక భయం తగ్గాలి కదా. తగ్గలేదు. ఫోను ఎందుకు లేదో తెలిసింది, మనిషి ఎక్కడుందో తెలియలేదు. ఏడయింది. ఎనిమిదయింది. మా ఆయన వంటింట్లో ఏదో చేసి ప్లేటులో పెట్టి ఇచ్చాడు. నేను కుర్చీ మేకుకి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాను. టైమ్ ఆఫీసు ముందు ఆడవాళ్లు ఎవర్నీ ఏమీ ఎందుకు అడిగేవాళ్లు కాదో అప్పుడు తెలిసింది. అడిగితే ఎవరో ఒకరు జవాబు చెబుతారు.

ఎనిమిదీ నలభైకి ఫోను మోగింది.

"పాపా, తిన్నావా?" అంది అమ్మ.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఐదున్నర గంటలమ్మా, ఐదున్నర గంటలు, ఒట్టేసి కూడా ఇలా చేస్తావా, నేను చచ్చిపోతాననుకున్నాను, నీకు మనసనేది ఉందా అన్నాను. ఆమె అడ్డురాలేదు. నాకు గొంతు పోయి ఆగాక, "వినపడతా ఉండాదా?" అని అడిగింది. వినబడుతోందన్నాను.

"రైలు తప్పిపోయింది. దాంతో లేటు. సందులో పట్టినాను పాపా. సంచి బయట పెట్టేసినా." నీళ్లు తాగిన చప్పుడు వినబడింది. "లోపల ఒక చోట గైడు అందర్నీ దీపాలు ఆర్పమనింది. ఒక్క నిమిషం. అట్లాంటి చీకటి నేను ఎప్పుడూ చూడలేదు. కండ్లు మూసినా తెరిసినా ఒకటే. నా చేయి నాకే కనబడలేదు. నాకు ఊపిరాడలేదు. ఒక్క నిమిషమే, పాపా."

నేను ఊఁ అన్నాను.

"మీ నాయన లైటు ఆర్పద్దు అనేవాడు గదా."

అంతవరకే అనగలిగింది. తరువాత అటువైపు నుంచి ఏడుపు. ఆమె అంత గట్టిగా ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను వినలేదు. వెనకాల ఆ కొరియా పిల్ల గొంతు ఏదో ఓదారుస్తోంది. ఇక్కడ నేనూ ఏడ్చాను. కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఎన్ని రాత్రులు ఆయన నిద్రపోయాక లేచి ఆర్పి ఉంటుంది? ఎన్నిసార్లు ఆయన ఉలిక్కిపడి లేచి ఉంటాడు? ఎందుకని ఆమె అడగలేదు, ఎందుకో ఆయన చెప్పలేదు. నేను పక్క చాప మీద పడుకుని, ఇద్దరి మీదా విసుక్కుంటూ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

మిగిలిన వారం రోజులూ అమ్మ ప్రాగ్ చూసింది. ఊరి నడిబొడ్డున ఉన్న పాత గడియారం చూసింది, కోట కొండ ఎక్కింది, ముద్దలు తిన్నానంది, మన ముద్దలా లేవంది. రోజుకి రెండు మెసేజ్‌లు తప్పకుండా పెట్టింది. బుడాపెస్ట్ మాట మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

దేవనహళ్లిలో నేను రెండు గంటలు ముందే వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మనుషుల మధ్యలోంచి సంచితో వచ్చింది. కాస్త సన్నబడింది. నేను సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ముందు అరచేయి చాచింది. హ్యాండ్‌బ్యాగులోంచి టోకెన్ తీసి అందులో పెట్టాను. ఆమె వేళ్లు మూసుకున్నాక నా ఒళ్లు ఒక్కసారి తేలికై, కమ్మీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడాల్సి వచ్చింది.

ఆ పూట ఆమెతో పాటు కె.జి.ఎఫ్.లోనే ఉన్నాను. భోజనాలయ్యాక చాపలు పరుచుకున్నాం. అమ్మకి వెలుగులో నిద్ర పట్టదు కదా అని నేను లేచి స్విచ్చి దగ్గరికి వెళ్లాను.

"ఉండనీ," అంది అమ్మ.

ఆ గదిలో ఇప్పుడు లైటు ఆర్పరు. అమ్మ కళ్ల మీద కొంగు కప్పుకుని పడుకుంటుంది.